ఒంట్లో ఐరన్ పేరుకుపోతే: పెద్ద వయసులో చికిత్స ఎందుకు కత్తి మీద సాము

డెబ్బై ఆరేళ్ల మనిషి రక్తపరీక్ష రిపోర్టులో, ఒంట్లోని ఐరన్ నిల్వను సూచించే ఫెరిటిన్ 1,460 అని ఉంది, పక్కన పైకి చూపే బాణం గుర్తు. ఆ కాగితం చేతికి రాగానే ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. రక్తం తక్కువని ఇన్నాళ్లూ ఐరన్ మాత్రలు మింగిన మనిషికి ఇప్పుడు ఐరన్ ఎక్కువ కావడమేమిటి? ఎక్కువైనప్పుడు తీసేస్తే సరిపోతుంది కదా, డాక్టరు ఎందుకు వెనకాడుతున్నారు? రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ జవాబు ఆ ఒక్క అంకెలో దొరకదు. ఐరన్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంత వేగంగా వస్తోంది, దాన్ని తీసే మందును ఆ వయసులో కిడ్నీలు తట్టుకుంటాయా అన్నవి కలిపి చూస్తేనే తేలుతుంది.

## లోపలికి దారి ఉంది, బయటికి లేదు

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఐరన్ 3 నుంచి 4 గ్రాములు. చిన్న మేకు బరువంత. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. కొత్త రక్తకణాల కోసం ఎముక మజ్జకు రోజూ 20–25 మి.గ్రా. ఐరన్ కావాలి. తిండి నుంచి ఒంటికి పట్టేది మాత్రం 1–2 మి.గ్రా.నే. మిగతాదంతా కాలం తీరిన పాత కణాల నుంచి రాబట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది శరీరం.

బయటికి పోయేదీ రోజుకు 1–2 మి.గ్రా.నే. రాలిపోయే చర్మంతో, పేగు లోపలి పొరలోంచి ఊడిపోయే కణాలతో పాటు పోతుంది. ఉప్పు ఎక్కువైతే కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. ఐరన్‌కు అలాంటి ఏర్పాటు లేదు. అదుపంతా లోపలికి వచ్చే చోటే. పేగు నుంచి రక్తంలోకి ఐరన్ దిగే తలుపు ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్. ఆ తలుపు మూసే హార్మోన్ హెప్సిడిన్. దాన్ని కాలేయం తయారుచేస్తుంది. నిల్వలు పెరిగితే హెప్సిడిన్ పెరిగి తలుపు మూసుకుంటుంది, తగ్గితే తెరుచుకుంటుంది.

ఈ కాపలా మూడు రకాలుగా దెబ్బతింటుంది. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల హెప్సిడిన్ సరిపడా తయారుకాకపోవడం మొదటిది. దీన్ని వంశపారంపర్య హీమోక్రొమటోసిస్ అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించే హెచ్ఎఫ్ఈ జన్యువును 1996లో గుర్తించారు. ఉత్తర యూరప్ మూలాలున్నవారిలో ఇది ఎక్కువ. అవసరానికి మించి రోజుకు 2 మి.గ్రా. చొప్పున చేరుతోందనుకుందాం. ఏడాదికి 730 మి.గ్రా., ఇరవై ఏళ్లకు 14 గ్రాములు దాటుతుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు నడివయసు దాటాక బయటపడటానికి ఈ నత్తనడకే కారణం. నెలసరి వల్ల ఐరన్ పోతూ ఉంటుంది కాబట్టి ఆడవాళ్లలో అది ఆగిపోయాక, ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

రెండోది మజ్జ చేసే తప్పు సంకేతం. తలసీమియాలో కొన్ని రకాల్లోనూ, పెద్ద వయసులో వచ్చే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌లోనూ మజ్జ విపరీతంగా పనిచేస్తుంది, కానీ పనికొచ్చే కణాలు తక్కువ పుడతాయి. "ఇంకా ఐరన్ కావాలి" అన్న సంకేతం కాలేయానికి వెళ్తూనే ఉంటుంది. హెప్సిడిన్ తగ్గిపోతుంది. ఒంట్లో ఐరన్ నిండుగా ఉన్నా పేగు తలుపు బార్లా తెరిచే ఉంటుంది.

మూడోది రక్తం ఎక్కించడం. ఇక్కడ తలుపుతో పనే లేదు, ఐరన్ నేరుగా రక్తనాళంలోకి దిగుతుంది. ఒక యూనిట్ ఎర్ర రక్తకణాల్లో 200–250 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. నెలకు రెండు యూనిట్లు ఎక్కించుకునే వ్యక్తికి తక్కువలో తక్కువ లెక్క వేసినా ఏడాదికి 24 × 200 = 4,800 మి.గ్రా. అంటే ఒంట్లో సహజంగా ఉండే మొత్తం ఐరన్ కన్నా ఎక్కువ, ఒక్క ఏడాదిలో. రోజుకు సుమారు 13 మి.గ్రా. వస్తుంటే పోయేది ఒకటో రెండో. ఈ స్థితిలో ఉన్నవాళ్లు తిండిలో ఐరన్ గురించి బెంగపడి కడుపు మాడ్చుకోవడం చూస్తే బాధేస్తుంది. 13 మి.గ్రా. పక్కన తిండి నుంచి వచ్చే ఒక మి.గ్రా. తేడా ఎంత? మానాల్సింది ఐరన్ కలిపిన మల్టీవిటమిన్ మాత్రలు, టానిక్కులు. పచ్చి గుల్లచేపలు కూడా. వాటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఐరన్ ఎక్కువున్న ఒంట్లో ప్రాణాంతకంగా పెరుగుతుంది.

## ఫెరిటిన్ చెప్పేది సగమే

ఫెరిటిన్ అంటే కణాల్లో ఐరన్‌ను దాచే గాదె లాంటి ప్రొటీన్. రక్తంలో కొలిచేది ఆ గాదెల నుంచి బయటికొచ్చిన కొద్ది భాగం. సాధారణంగా మగవాళ్లలో 300, ఆడవాళ్లలో 200 నానోగ్రాములు దాటితే ఎక్కువ అంటారు. చిక్కేమిటంటే, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపు, కొవ్వు పట్టిన లివర్, మద్యం, షుగర్, కేన్సర్ ఇవన్నీ ఐరన్‌తో సంబంధం లేకుండానే ఫెరిటిన్‌ను పెంచుతాయి. పెద్ద వయసులో వీటిలో ఒకటైనా లేనివాళ్లు అరుదు.

అందుకే దాని పక్కన ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చూస్తారు. ట్రాన్స్‌ఫెరిన్ రక్తంలో ఐరన్‌ను మోసుకెళ్లే బండి. వంద సీట్లలో ఎన్ని నిండాయో ఈ శాతం చెబుతుంది. 20 నుంచి 45 మధ్య ఉండటం మామూలు. ఫెరిటిన్ 700, సాచురేషన్ 28 శాతం ఉన్న వ్యక్తిలో అనుమానం ముందుగా లివర్ మీదికి, షుగర్ మీదికి, ఎక్కడో ఉన్న వాపు మీదికి వెళ్తుంది. అదే 700 ఫెరిటిన్‌కు సాచురేషన్ 68 శాతం ఉంటే నిజంగానే ఐరన్ పేరుకుందని అర్థం. బండ్లన్నీ నిండిపోయాక మిగిలిన ఐరన్ ఏ ప్రొటీనూ పట్టుకోకుండా రక్తంలో తిరుగుతుంది. గుండె కండరంలోకి, హార్మోన్ గ్రంథుల్లోకి చొరబడేది అదే.

ఏ అవయవంలో ఎంత చేరిందో సూది గుచ్చకుండా చెప్పేది ఎమ్మారై. గుండెకు టీ2 స్టార్ అనే కొలత వాడతారు. 20 మిల్లీసెకన్ల పైన ఉంటే నిశ్చింత, 10 కన్నా తక్కువైతే ప్రమాదం. కాలేయానికి గ్రాము ఎండు కణజాలంలో ఎన్ని మి.గ్రా. అని లెక్క. 7 దాటితే మధ్యస్థం, 15 దాటితే తీవ్రం. పెద్దవాళ్లలో అడ్డొచ్చేది పేస్‌మేకర్. కొన్ని పాత రకాలతో ఎమ్మారై చేయడం కష్టం, అప్పుడు ఫెరిటిన్, సాచురేషన్, ఎక్కించిన యూనిట్ల లెక్క, గుండె స్కాన్ కలిపి అంచనాకు రావాలి. ఇప్పటిదాకా ఎన్ని యూనిట్లు ఎక్కించారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్న కుటుంబం ఇలాంటప్పుడు డాక్టరు పని సగం తేలిక చేసినట్టే.

## వయసు మీద నెట్టేసే లక్షణాలు

అలసట, కీళ్లనొప్పి, షుగర్, గుండె దడ, కోరికలు తగ్గడం. డెబ్బై ఏళ్ల మనిషికి ఇవన్నీ ఉంటే "వయసు కదా" అనేస్తారు. ఐరన్ పేరుకున్నా ఇవే వస్తాయి. తేడా చూపే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. హీమోక్రొమటోసిస్‌లో నొప్పి ఎక్కువగా చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిని కలిసే కణుపుల్లో వస్తుంది. పిడికిలి బిగిస్తే ఆ రెండు కణుపులూ ఉబ్బి కనిపిస్తాయి. చర్మం ఎండకు తిరగకపోయినా కంచు రంగుకో బూడిద రంగుకో మారుతుంది.

షుగర్ విషయంలో ఒక చిక్కు తరచూ కళ్లు కప్పుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆధారపడింది. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లలో ఉన్న కణాలు వాళ్లవి కావు. ఐరన్ తగ్గించే చికిత్సగా తరచూ రక్తం తీయించుకునేవాళ్లలో కణాలన్నీ లేతవి. దాంతో అసలు షుగర్ ఎక్కువున్నా రిపోర్టు బాగున్నట్టు రావచ్చు. అలాంటివాళ్లకు వేలి మీద చేసే పరీక్షలు, ఫ్రక్టోజమిన్ పరీక్ష ఎక్కువ నమ్మదగినవి.

## రక్తం తీయడం: పాత పద్ధతి, చిన్న మోతాదులు

హిమోగ్లోబిన్ బాగున్నవాళ్లలో, ముఖ్యంగా వంశపారంపర్య రకంలో, ఐరన్ తీయడానికి రక్తం తీయడమే మొదటి చికిత్స. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ 14 ఉన్న వ్యక్తి నుంచి 450 మి.లీ. తీస్తే 63 గ్రాముల హిమోగ్లోబిన్, అంటే దాదాపు 214 మి.గ్రా. ఐరన్ పోతుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న బక్కపలుచని పెద్దావిడ నుంచి 250 మి.లీ.నే తీస్తే పోయేది 102 మి.గ్రా. సగం కన్నా తక్కువ, కాబట్టి కాలం రెట్టింపు పడుతుంది. అయినా ఆమెకు అదే సరైన దారి.

పూర్తి మోతాదులో ఒకసారి తీస్తే ఫెరిటిన్ సుమారు 30 తగ్గుతుందన్నది మోటు లెక్క. 1,000 నుంచి 100కు రావాలంటే 30 సార్లు. వారానికోసారైతే ఏడు నెలలు, రెండు వారాలకోసారైతే పద్నాలుగు. ప్రతిసారీ ముందుగా హిమోగ్లోబిన్ చూస్తారు. 12 కన్నా దిగితే వ్యవధి పెంచుతారు, 11 కన్నా దిగితే ఆపి కారణం వెతుకుతారు.

పెద్దవాళ్లలో అసలు భయం కళ్లు తిరిగి పడిపోవడం. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఉదయమే వేసుకుని, నీళ్లు తక్కువ తాగి వచ్చి, అరలీటరు రక్తం ఇచ్చి చటుక్కున లేస్తే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. తీసిన రక్తానికి బదులు సెలైన్ ఎక్కించడం, తక్కువ పరిమాణం తీయడం, పావుగంట పడుకోబెట్టి మెల్లగా లేపడం ఇందుకే.

దీనివల్ల నయమయ్యేవీ కానివీ ముందే తెలిస్తే నిరాశ ఉండదు. అలసట, చర్మం రంగు, లివర్ ఎంజైములు మెరుగవుతాయి. కణుపుల నొప్పి చాలామందిలో తగ్గదు. అప్పటికే లివర్ గట్టిపడి ఉంటే ఐరన్ మామూలుకు వచ్చినా లివర్ కేన్సర్ ముప్పు పూర్తిగా పోదు, ఆరు నెలలకోసారి స్కానింగ్ కొనసాగుతుంది.

## ఐరన్‌ను పట్టుకుపోయే మందులు

రక్తమే తక్కువై ఎక్కించుకుంటున్న వ్యక్తి నుంచి రక్తం తీయలేం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కడ కీలేషన్ మందులు రావాలి. ఇవి ఐరన్‌ను గట్టిగా పట్టుకుని మలంలోనో మూత్రంలోనో బయటికి తీసుకుపోతాయి.

అన్నిటికన్నా పాతది డెఫెరాక్సమిన్. రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది కాబట్టి ఒక్క ఇంజెక్షన్‌తో పని జరగదు. చర్మం కింద సన్నటి సూది పెట్టి చిన్న పంపుతో 8 నుంచి 12 గంటలు, వారంలో 5 నుంచి 7 రాత్రులు ఎక్కించాలి. వేళ్లు వణికే, చూపు మందగించిన వ్యక్తికి ప్రతి రాత్రీ ఆ మందు కలిపి సూది పెట్టుకోవడమే పెద్ద పరీక్ష. దీనివల్ల వినికిడి, చూపు దెబ్బతినొచ్చు. వయసు వల్ల వచ్చే చెవుడూ మందు వల్ల వచ్చే చెవుడూ రెండూ సన్నటి, ఎత్తు శబ్దాల దగ్గరే మొదలవుతాయి. మందు మొదలుపెట్టకముందు తీసిన వినికిడి పరీక్ష చేతిలో లేకపోతే ఏది ఏదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

డెఫెరిప్రోన్ మాత్రలు రోజుకు మూడుసార్లు. గుండెలోని ఐరన్‌ను తీయడంలో దీనికి మంచి పేరుంది. మూత్రం ఎర్రగా, గోధుమ రంగులో వస్తుంది, అది రక్తం కాదు. భయపడాల్సింది తెల్లకణాలు హఠాత్తుగా పడిపోవడం. ఇది వందలో ఒకరిద్దరికి తీవ్రంగా జరుగుతుంది. అందుకే మొదట్లో వారంవారం రక్తపరీక్ష చేస్తారు. జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి అదే రోజు కణాల లెక్క చూస్తారు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌లో తెల్లకణాలు ముందే తక్కువ కాబట్టి చాలామంది వైద్యులు దీని జోలికి పోరు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది డెఫెరాసిరాక్స్, రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్ర. సులువుగా ఉంటుంది, కానీ పెద్ద వయసులో జాగ్రత్త ఎక్కువ కోరేదీ ఇదే. కిడ్నీ దెబ్బతినడం, లివర్ దెబ్బతినడం, జీర్ణాశయంలో రక్తస్రావం అన్న మూడు ప్రమాదాల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టింది. పెద్ద వయసు, ముదిరిన రక్తజబ్బు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండటం ముప్పును పెంచుతాయని అందులోనే ఉంది. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తక్కువైతే వాడకూడదు.

మాత్ర రకం మారినప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. నీళ్లలో కరిగించి తాగే రకం కిలోకు 20 మి.గ్రా. అయితే, నేరుగా మింగే పూత మాత్ర కిలోకు 14 మి.గ్రా.తో సమానం. 60 కిలోల వ్యక్తికి మొదటిది 1,200, రెండోది 840 మి.గ్రా. రకం మార్చి అంకె మార్చకుండా 1,200 మి.గ్రా. పూత మాత్రలే మింగితే మోతాదు 43 శాతం పెరిగినట్టు. పేరు ఒకటే, డబ్బా మాత్రమే వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

## బాణం గుర్తు లేని క్రియాటినిన్

కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే వ్యర్థం క్రియాటినిన్. అది కండరాల నుంచి పుడుతుంది. వయసుతో కండ తగ్గితే అదీ తక్కువ పుడుతుంది. అందుకే కిడ్నీ మందగించినా అంకె మామూలుగానే కనిపిస్తుంది. వయసు, బరువు కలిపి లెక్కేసే కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రంలో వేసి చూద్దాం: 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌ను 72తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఆడవాళ్లకు ఫలితాన్ని 0.85తో గుణించాలి. క్రియాటినిన్ 1.2 ఉన్న ముప్పై ఏళ్ల, 70 కిలోల మగవాడికి కిడ్నీ వడపోత నిమిషానికి 89 మి.లీ. వస్తుంది. అదే 1.2 ఉన్న డెబ్బై ఆరేళ్ల, 50 కిలోల మగమనిషికి 37. అదే వయసు, బరువు ఉన్న ఆడమనిషికి 31. అమెరికా నియమాల్లో కిడ్నీ వడపోత 40 కన్నా తగ్గితే డెఫెరాసిరాక్స్ వాడకూడదు. యూరప్ నియమాల్లో ఆ గీత 60 దగ్గరే ఉంది. అంటే వడపోత 40కీ 60కీ మధ్య ఉన్న ఒకే మనిషికి ఒకచోట సగం మోతాదు ఇస్తే, ఇంకోచోట అసలు ఇవ్వరు.

మందు మొదలయ్యాక చూసేది అంకెను కాదు, పెరుగుదలను. మొదటి నెల వారంవారం, తర్వాత నెలనెలా పరీక్ష ఉంటుంది. మొదట్లో ఉన్నదానికి మూడో వంతు పెరిగి, అదే వరుసగా రెండోసారీ కనిపిస్తే మోతాదు తగ్గిస్తారు. 0.9 ఉన్నది 1.2 అయితే సరిగ్గా మూడో వంతు పెరిగినట్టే. కానీ చాలా ల్యాబుల్లో 1.2 మామూలు హద్దులోనే ఉంటుంది, రిపోర్టులో బాణం గుర్తు పడదు. మందుకు ముందు రెండుసార్లు క్రియాటినిన్ చేయించి ఆ అంకెలు దాచుకోవడానికి కారణం ఇదే. మూత్రంలో ప్రొటీన్ కూడా నెలనెలా చూస్తారు.

కిడ్నీ తరచూ దెబ్బతినేది విరేచనాలప్పుడు. డెఫెరాసిరాక్స్ వల్లే విరేచనాలు రావచ్చు. దానికి తోడు మూత్రం పోయే మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు వేసుకుంటూ నీళ్లు తక్కువ తాగితే రెండు రోజుల్లో క్రియాటినిన్ రెట్టింపు కావచ్చు. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మందును తాత్కాలికంగా ఆపడం ఇందుకే. ఎలాంటి స్థితిలో ఆపాలో వైద్యుడి దగ్గర ముందే రాయించుకున్న కాగితం ఉంటే అర్ధరాత్రి తడుముకోనక్కర్లేదు.

మిగతా మందులతోనూ పేచీలున్నాయి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, రక్తం పలచబరిచే మందులు, ఎముకల బలానికిచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అల్యూమినియం ఉన్న యాసిడిటీ మందు డెఫెరాసిరాక్స్‌తో కలిపి వేసుకోకూడదు. షుగర్‌కిచ్చే రెపాగ్లినైడ్ ప్రభావం పెరిగి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

## తీయాలా వద్దా: ఇరుపక్షాల వాదన

డెబ్బై అయిదేళ్ల వయసులో, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌తో నెలనెలా రక్తం ఎక్కించుకునే వ్యక్తికి ఈ మందులు అవసరమా? వైద్యుల్లో నిజమైన భేదాభిప్రాయం ఉంది. వాడాలనేవారి వాదన: 20 యూనిట్లు దాటేసరికి 4–5 గ్రాముల ఐరన్ అదనంగా చేరుతుంది, ముసలి గుండె దాన్ని కుర్రగుండెలా తట్టుకోలేదు, మందు వాడినవారు ఎక్కువ కాలం బతికినట్టు రోగుల నమోదు పట్టికల్లో కనిపించింది. కాదనేవారి జవాబు: గట్టిగా ఉన్నవాళ్లకే వైద్యులు ఈ మందు రాస్తారు, వాళ్లు ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతారు, అది మందు గొప్ప అనడానికి రుజువు కాదు.

దీన్ని తేల్చడానికి జరిగిన టెలెస్టో పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. జబ్బు తీవ్రత తక్కువగా ఉన్న 225 మందిలో కొందరికి డెఫెరాసిరాక్స్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండె, లివర్ సమస్యలు, జబ్బు ముదరడం, మరణం వీటిలో ఏదీ జరగకుండా గడిచిన కాలం మధ్యస్థంగా మందు తీసుకున్నవారిలో 3.9 ఏళ్లు, మిగతావారిలో 3.0 ఏళ్లు. మొత్తం ఆయుష్షులో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. రెండు పక్షాలూ ఇదే ఫలితాన్ని తమకు ఆధారంగా చూపుకుంటాయి. దీన్నిబట్టి నాకు సబబు అనిపించేది ఇది: జబ్బు తీవ్రత తక్కువై, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చే వ్యక్తికి, కిడ్నీలు బాగుంటే మందుకు అర్థం ఉంది. లాభం ఏళ్లలో, దుష్ప్రభావం వారాల్లో వచ్చే మందు ఇది. నెలల ఆయుష్షే మిగిలిన మనిషికి విరేచనాలు, కడుపునొప్పి జతచేయడం న్యాయం కాదు.

రక్తం అవసరాన్నే తగ్గించే లస్‌పాటర్‌సెప్ట్ లాంటి ఇంజెక్షన్లు వచ్చాక కొందరిలో లెక్క మారుతోంది. నెలకు రెండు యూనిట్లు ఒకటైనా, వచ్చే ఐరన్ సగానికి సగం తగ్గినట్టే. దీనికీ దాని తిప్పలున్నాయి. అలసట, బీపీ పెరగడం కనిపిస్తాయి.

## ఐరన్ తగ్గే కొద్దీ మందు పదును పెరుగుతుంది

ఈ మందుల పని ఐరన్‌ను పట్టుకోవడం. పట్టుకోవడానికి ఐరన్ తగ్గిపోయాక అదే మోతాదు కొనసాగితే చెవి, కన్ను, కిడ్నీ కణాల మీద దెబ్బ ఎక్కువ పడుతుంది. డెఫెరాక్సమిన్‌కు ఒక తేలిక కొలత ఉంది. రోజువారీ సగటు మోతాదును ఫెరిటిన్‌తో భాగిస్తే 0.025 దాటకూడదు. కిలోకు 40 మి.గ్రా. వారంలో అయిదు రాత్రులు అంటే సగటున రోజుకు 28.6. ఫెరిటిన్ 2,000 ఉన్నప్పుడు అది 0.014, ఫరవాలేదు. అదే మోతాదు మీద ఫెరిటిన్ 900కు దిగితే 0.032, గీత దాటింది. చికిత్స బాగా పనిచేసినందువల్లే ప్రమాదం వచ్చిందన్నమాట. డెఫెరాసిరాక్స్‌లోనూ ఫెరిటిన్ 1,000 కన్నా తగ్గితే మోతాదు తగ్గించే ఆలోచన చేస్తారు, 500 కన్నా దిగితే ఆపుతారు.

ఫెరిటిన్ దిగినంత మాత్రాన గుండె ఖాళీ అయినట్టు కాదు. కాలేయం నెలల్లో తేరుకుంటుంది, గుండె నుంచి ఐరన్ కదలడానికి ఏళ్లు పట్టొచ్చు. ముందే గుండెలో ఐరన్ చేరినవారికి రక్తపరీక్ష బాగున్నా టీ2 స్టార్ ఎమ్మారై మళ్లీ చేయించేది అందుకే. ఏడాదికోసారి వినికిడి, కళ్ల పరీక్షలు కూడా ఆ పక్కనే జరుగుతాయి. కంటి డాక్టరుకు ఏ మందు వాడుతున్నారో చెప్పకపోతే, కటకంలో కొత్తగా వచ్చిన మసకను మామూలు శుక్లం ఖాతాలో రాసేస్తారు.